వృద్ధాశ్రమం గేటు దగ్గరే ఆగిపోతున్న చట్టం

సంక్షిప్తంగా: వృద్ధాశ్రమంలో ఉన్న పెద్దవాళ్లను కొట్టడం, కట్టేయడం, ఆకలితో మాడ్చడం, గదిలో పెట్టి తాళం వేయడం మన దేశంలో నేరాలే. శిక్షలు ఉన్నాయి. పరిహారం ఇప్పించే కమిషన్లూ ఉన్నాయి. అయితే ఈ హక్కులన్నీ ఒకే చట్టంలో దొరకవు. పెద్దల కోసమే వచ్చిన 2007 చట్టం ప్రధానంగా పిల్లల బాధ్యత గురించి మాట్లాడుతుంది, ఆశ్రమ నిర్వాహకుల గురించి చెప్పేది చాలా తక్కువ. అసలు రక్షణ వికలాంగుల హక్కుల చట్టం, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, వినియోగదారుల చట్టం, భారతీయ న్యాయ సంహితల్లో చెల్లాచెదురుగా ఉంది. వాటిని కలిపి చదివితే ఆశ్రమం తలుపు తెరిపించే అధికారం ఇప్పటికే ఆర్డీవో చేతిలో ఉందని తెలుస్తుంది.

2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలోని ఒక ప్రైవేటు ఆశ్రమం నుంచి పోలీసులు 70 మందికి పైగా మనుషులను బయటికి తీసుకొచ్చారు. వాళ్లలో వృద్ధులు ఉన్నారు, మానసిక సమస్యలు ఉన్నవాళ్లూ ఉన్నారు. కొందరిని గొలుసులతో కట్టి ఉంచారని, కొట్టేవారని అప్పట్లో వార్తలు వచ్చాయి. పోలీసులు కదిలింది స్థానికులు ఇచ్చిన సమాచారంతోనే. లోపల ఉన్న మనిషి నోరు విప్పలేని స్థితిలో ఉన్నారు, బయట ఉన్న ప్రభుత్వం తనంతట తాను వెళ్లి చూడలేదు. వృద్ధాశ్రమాల్లో హింస, నిర్లక్ష్యం గురించి వచ్చే వార్తలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. ఫిర్యాదు వస్తేనే చట్టం కదులుతుంది. ఆ ఫిర్యాదు చేయాల్సిన మనిషేమో తిండికి, మందులకు, బాత్రూముకు తీసుకెళ్లే చేతికి కూడా ఆ నిర్వాహకుల మీదే ఆధారపడి ఉంటారు.

పిల్లల వైపు చూసే చట్టం

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అరవై ఏళ్లు నిండిన ప్రతి భారత పౌరుడికీ ఇది వర్తిస్తుంది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో స్థాయి అధికారి నేతృత్వంలోని ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెలకు గరిష్ఠంగా 10 వేల రూపాయల వరకు మనోవర్తి ఇప్పించవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. ప్రత్యేక కారణాలుంటే ఇంకో 30 రోజులు పొడిగించవచ్చు. ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే జిల్లా కలెక్టర్ స్థాయి అధికారి ముందు 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 2011లో నియమావళి వచ్చింది.

ఇదంతా ఇంట్లో జరిగే అన్యాయానికి మందు. మరి ఆశ్రమంలో జరిగేదానికి? ఆ చట్టంలో వృద్ధాశ్రమాల గురించి ఉన్నది ప్రధానంగా 19వ సెక్షన్. ప్రతి జిల్లాలో కనీసం ఒకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడేలా రాష్ట్ర ప్రభుత్వాలు ఆశ్రమాలు ఏర్పాటు చేయవచ్చని అది చెబుతుంది. చేసి తీరాలని చెప్పదు. వాటిలో ఉండాల్సిన ప్రమాణాలను కూడా రాష్ట్రాలే నిర్ణయించవచ్చు. కేంద్రం పంపిన నమూనా నియమావళిలో పడకగదిలో ఒక్కొక్కరికి కనీసం 7.5 చదరపు మీటర్ల చోటు ఉండాలన్నంత వివరం ఉంది. కానీ అవి ఈ చట్టం కింద పేద వృద్ధుల కోసం నడిపే ఆశ్రమాలను మనసులో పెట్టుకుని రాసినవి. కాలనీలో అద్దె ఇల్లు తీసుకుని, బోర్డు కట్టి, నెలకు ఇంత అని వసూలు చేసే ప్రైవేటు ఆశ్రమం తప్పనిసరిగా రిజిస్టర్ కావాలని, ఏటా తనిఖీకి లోబడాలని 2007 చట్టంలో ఎక్కడా లేదు.

ఈ లోటు పార్లమెంటుకు తెలియనిదేమీ కాదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లులో వృద్ధుల సంరక్షణ గృహాలన్నీ రిజిస్టర్ కావాలని, కనీస ప్రమాణాలు పాటించాలని, ఇంటికి వచ్చి సేవలందించే ఏజెన్సీలు కూడా నమోదు చేసుకోవాలని ఉంది. 10 వేల పరిమితిని తీసేయాలని కూడా ఉంది. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది, తిరిగి సభ ఆమోదం దాకా రాలేదు. 2024లో 17వ లోక్‌సభ రద్దుతో అది కూడా మురిగిపోయింది. వృద్ధాశ్రమాల నియంత్రణకు దేశవ్యాప్తంగా ఒక చట్టం రావడానికి అంత దగ్గరగా వచ్చిన సందర్భం మరొకటి లేదు.

సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో మాజీ న్యాయశాఖ మంత్రి అశ్వనీ కుమార్ వేసిన పిటిషన్‌లో తీర్పు చెబుతూ వృద్ధుల గౌరవం, నీడ, ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వస్తాయని స్పష్టం చేసింది. ఏ జిల్లాలో ఎన్ని వృద్ధాశ్రమాలున్నాయో లెక్క తీయమని ఆదేశించింది. చట్టం వచ్చిన పదకొండేళ్ల తర్వాత కూడా ఆ లెక్క కోసం కోర్టు అడగాల్సి వచ్చింది.

బోర్డు వెనక ఏముంటుంది

ప్రైవేటు ఆశ్రమాల్లో ఎక్కువ భాగం సొసైటీగానో, ట్రస్టుగానో నమోదై ఉంటాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సొసైటీలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. రిజిస్ట్రార్ చూసేది కమిటీ సభ్యుల జాబితా, వార్షిక లెక్కలు. మంచం మీద ఉన్న ముసలావిడను రోజుకు ఎన్నిసార్లు పక్కకు తిప్పుతున్నారన్నది ఆయన పరిధిలోకి రాదు. అందుకే ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ అని బోర్డు మీద కనిపిస్తే దాన్ని సొసైటీ నమోదుగా మాత్రమే అర్థం చేసుకోవాల్సి ఉంటుంది. కేంద్ర గ్రాంటుతో నడిచే ఆశ్రమాలకు ఆ పథకం నిబంధనల ప్రకారం పర్యవేక్షణ ఉంటుంది. ఖరీదైన రిటైర్మెంట్ విల్లాలు, అపార్ట్‌మెంట్లు రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ చట్టం) కిందికి రావచ్చు. కానీ రెరా చూసేది కట్టడం గురించి, అమ్మకం గురించి. అక్కడి సేవల గురించి కాదు.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. అది చాలామంది దృష్టికి రానిది, కానీ ముఖ్యమైనది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మానసిక అస్వస్థత ఉన్నవాళ్లను సంరక్షణ కోసం చేర్చుకుని ఉంచే ఏ సంస్థ అయినా రిజిస్టర్ కావాలి. ఆ చట్టంలో మానసిక అస్వస్థతకు ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి, దిక్కు తెలియడం వంటివి తీవ్రంగా దెబ్బతినడం కూడా ఉంది. అంటే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముదిరినవాళ్లను ప్రత్యేకంగా చేర్చుకునే ఆశ్రమం ‘మాది ఉత్త వృద్ధాశ్రమం’ అని తప్పించుకోవడం తేలిక కాదు. రిజిస్టర్ కాకుండా నడిపితే మొదటిసారి 5 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా ఉంది, మళ్లీ మళ్లీ చేస్తే 5 లక్షల దాకా పోతుంది. అలాగే వికలాంగుల హక్కుల చట్టం 2016 లోని 50వ సెక్షన్ ప్రకారం వికలాంగుల కోసం సంస్థ నడపాలంటే రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం ఉండాలి. పక్షవాతం వచ్చినవాళ్లు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు ప్రధానంగా ఉండే ఆశ్రమం విషయంలో ఈ ప్రశ్న అడగవచ్చు.

నిర్లక్ష్యం ఎలా మొదలవుతుంది

ఆశ్రమాల్లో జరిగే ప్రతి కీడుకూ క్రూరత్వమే కారణం కాదు. మంచం దిగలేని మనిషిని కొన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలి, తడిసిన డైపర్ వెంటనే మార్చాలి, ముద్ద ముద్దగా తినిపించాలి. రాత్రిపూట ఒకే ఆయా పదిహేను, ఇరవై మందిని చూడాల్సి వస్తే ఇవేవీ జరగవు. వీపు మీద, నడుము కింద పుండ్లు పడతాయి. లేచి తిరిగే డిమెన్షియా రోగి పడిపోతారేమోనని చీరతో మంచానికి కడతారు. రాత్రంతా అరిచేవాళ్లకు నిద్రమాత్ర ఇస్తారు. కట్టడం, మత్తులో ఉంచడం రెండూ మనుషుల కొరతకు ఆశ్రమాలు వెతుక్కున్న అడ్డదారులు. శిక్షణ లేని, తక్కువ జీతపు ఆయా చేతిలో అది మొదలవుతుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేసే యాజమాన్యం వల్ల అలవాటుగా మారుతుంది.

రెండో కారణం డబ్బు. పిల్లలు మొదటి ఏడాది క్రమంగా ఫీజు కడతారు, తర్వాత ఆలస్యమవుతుంది, ఒక్కోసారి ఫోన్ ఎత్తడం కూడా మానేస్తారు. ఆ బకాయి భారం మంచం మీద ఉన్న మనిషి మీద పడుతుంది. పండ్లు ఆగుతాయి, మందులు ఆగుతాయి, మాట కటువవుతుంది. మూడో కారణం ఒంటరితనం. చూడటానికి ఎవరూ రాని మనిషి మీదే ఎక్కువ నిర్లక్ష్యం జరుగుతుంది, అడిగేవాళ్లు లేరని అక్కడ పనిచేసే అందరికీ తెలుసు కాబట్టి.

కొట్టినా, కట్టేసినా, తిండి పెట్టకపోయినా

పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆశ్రమాలకు పనికొచ్చే సెక్షన్లు కొన్ని ఉన్నాయి. కావాలని గాయపరిస్తే 115(2) కింద ఏడాది దాకా జైలు. తాళం వేసో, కట్టేసో అక్రమంగా నిర్బంధిస్తే 127వ సెక్షన్ కింద ఏడాది దాకా, అది మూడు రోజులు గానీ అంతకు మించి గానీ సాగితే మూడేళ్ల దాకా, పది రోజులు గానీ అంతకు మించి గానీ సాగితే అయిదేళ్ల దాకా జైలు. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే 106(1) కింద అయిదేళ్ల దాకా. పింఛను డబ్బులు, నగలు దాచమని ఇస్తే వాడేసుకుంటే 316 కింద నమ్మకద్రోహం.

ఈ సంహితలోనే ఎవరికీ పెద్దగా తెలియని 357వ సెక్షన్ ఒకటుంది. జబ్బు వల్లో, శరీర బలహీనత వల్లో తన అవసరాలు తాను చూసుకోలేని మనిషికి సేవ చేస్తానని చట్టబద్ధమైన ఒప్పందం చేసుకున్నవాళ్లు కావాలని ఆ సేవ మానేస్తే నేరం. చదివితే వృద్ధాశ్రమం కోసమే రాసినట్టు ఉంటుంది. కానీ శిక్ష మూడు నెలలు, లేదా 5 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. బ్రిటిష్ కాలపు పాత శిక్షాస్మృతిలో 491గా ఉన్నప్పుడు జరిమానా 200 రూపాయలు. కొత్త సంహితలో జరిమానా పెరిగింది, జైలు కాలం మాత్రం మారలేదు.

వికలాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షన్ దీనికి పూర్తిగా భిన్నం. వైకల్యం ఉన్న మనిషి సంరక్షణ తన చేతిలో ఉండగా తెలిసి కూడా తిండి గానీ నీళ్లు గానీ ఇవ్వకపోతే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా అయిదేళ్ల జైలు, దాంతోపాటు జరిమానా. ఆశ్రమాల్లో మంచం పట్టిన వృద్ధుల్లో చాలామంది ఈ చట్టం నిర్వచనంలోకి వస్తారు: పక్షవాతంతో కాలు చేయి పడిపోయినవాళ్లు, చూపు పోయినవాళ్లు, వినికిడి పోయినవాళ్లు, పార్కిన్సన్స్ ముదిరినవాళ్లు. అయినా ఫిర్యాదుల్లో వాళ్లను ‘వృద్ధులు’ అనే రాస్తారు, వైకల్యం మాట రాదు. దాంతో అయిదేళ్ల శిక్ష ఉన్న సెక్షన్ పక్కకు పోయి మూడు నెలల సెక్షన్ ముందుకు వస్తుంది. ఆశ్రమంలో చేర్చే ముందే వైకల్య ధ్రువపత్రం తీయించి పెట్టుకోవడానికి ఇది ఒక్కటే చాలినంత కారణం.

గొలుసు సంగతికొస్తే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 95వ సెక్షన్ మానసిక అస్వస్థత ఉన్నవాళ్లను ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. తాత్కాలికంగా కదలకుండా పట్టి ఉంచాల్సి వచ్చినా 97వ సెక్షన్ షరతులు పెట్టింది. వెంటనే రాబోయే హానిని ఆపడానికి అది ఒక్కటే మార్గమై ఉండాలి, మానసిక వైద్యుడి అనుమతి ఉండాలి, శిక్షగా వాడకూడదు, సిబ్బంది కొరతను సాకుగా చూపకూడదు. ఆశ్రమాలు సాధారణంగా చెప్పే సంజాయిషీని చట్టం ముందే ఊహించి తోసిపుచ్చింది.

2007 చట్టంలోని 24వ సెక్షన్‌ను కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. వృద్ధుల సంరక్షణ బాధ్యత ఉన్నవాళ్లు వాళ్లను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్‌లో ‘పిల్లలు’ అన్న మాట లేదు. ఫీజు రావడం లేదని వృద్ధురాలిని బస్టాండులో దింపేసి వెళ్లిన నిర్వాహకుడికి కూడా ఆ మాటలు సరిపోతాయి.

ఆర్డీవో బల్ల దగ్గర కలిసే మూడు చట్టాలు

ఇన్ని సెక్షన్లున్నా అవి జరిగిపోయినదానికి శిక్ష వేస్తాయే గానీ, ఈ రాత్రి ఆ గదిలో ఉన్న మనిషిని బయటికి తీసుకురావడానికి వేరే అధికారం కావాలి. అది ఉంది, చాలావరకు ఒకే అధికారి చేతిలో ఉంది.

పోలీసు, కోర్టుల విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 100వ సెక్షన్ ప్రకారం ఎవరినైనా నేరపూరితంగా నిర్బంధించారని నమ్మడానికి కారణముంటే జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, మొదటి తరగతి మేజిస్ట్రేటు సోదా వారంటు ఇవ్వవచ్చు. ఆ మనిషిని వెతికి తన ముందుకు తెప్పించవచ్చు. వికలాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్నవాళ్ల మీద హింస జరుగుతోందని ఎవరైనా సరే కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వవచ్చు. బంధువే కానక్కర్లేదు. పక్కింటివాళ్లు ఇవ్వవచ్చు, ఆశ్రమంలో పనిచేసే ఆయా ఇవ్వవచ్చు. సమాచారం అందాక ఆ హింసను ఆపడానికి, అవసరమైతే బాధితుడిని విడిపించి రక్షణలో ఉంచడానికి మేజిస్ట్రేటు వెంటనే చర్య తీసుకోవాలి. 2007 చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఎవరూ దరఖాస్తు పెట్టకపోయినా పోషణ విషయాన్ని ట్రిబ్యునల్ తనంతట తాను చేపట్టవచ్చు.

మన జిల్లాల్లో సాధారణంగా ఈ మూడు పాత్రలూ ఆర్డీవోవే. సీనియర్ సిటిజన్ల ట్రిబ్యునల్ అధ్యక్షుడూ ఆయనే, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటూ ఆయనే, కార్యనిర్వాహక మేజిస్ట్రేటూ ఆయనే. పోలీసు కమిషనరేట్లున్న నగరాల్లో మేజిస్ట్రేటు అధికారాల పంపకం కొంత వేరుగా ఉంటుంది కాబట్టి అక్కడ కలెక్టర్‌నూ కలపడం మేలు. ఆచరణలో మాత్రం ఆర్డీవో ఆఫీసుకు వచ్చేవన్నీ ‘కొడుకు చూడటం లేదు’ అనే దరఖాస్తులే. అలాంటి దరఖాస్తు మీద ఆయన కొడుకుకు నోటీసు ఇస్తారు, వాయిదా వేస్తారు. అదే సంగతిని ఆశ్రమం పేరు, గది, తేదీ, గాయం వివరాలతో, వికలాంగుల చట్టం 7, సురక్షా సంహిత 100 సెక్షన్లు పేర్కొని రాస్తే అడుగుతున్నది మారిపోతుంది. అప్పుడు కావాల్సింది వాయిదా కాదు, వెళ్లి చూడటం. కొత్త చట్టం వచ్చేదాకా ఉన్న చట్టాన్ని వాడుకోవడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు.

వాంగ్మూలం విషయంలోనూ ఒక వెసులుబాటు ఉంది. సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం అరవై దాటిన పురుషులను, ఏ వయసు స్త్రీలనైనా, వైకల్యమో తీవ్ర అనారోగ్యమో ఉన్నవాళ్లను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని పోలీసులు పట్టుబట్టకూడదు. పాత చట్టంలో ఈ వయసు 65గా ఉండేది. వాళ్లు ఉన్న చోటికే వెళ్లి రాసుకోవాలి. అయితే ఆ చోటు అదే ఆశ్రమమైతే, నిర్వాహకుడు పక్కన నిలబడి ఉండగా ఇచ్చే వాంగ్మూలానికి విలువ ఏముంటుంది? ముందు వేరే చోటికి మార్చి, ఆ తర్వాత మాట తీసుకోవాలని కుటుంబం రాతపూర్వకంగా అడగడం అందుకే అవసరం.

నెలనెలా కట్టిన డబ్బుకు లెక్క

ఫీజు తీసుకునే ఆశ్రమం సేవ అమ్ముతున్నట్టే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవా లోపానికి పరిహారం కోరవచ్చు. పూర్తిగా ఉచితంగా నడిచే ధర్మాశ్రమాలు మాత్రం దీని కిందికి రావు. డబ్బు కట్టిన కొడుకు లేదా కూతురు ఒక్కరే కాకుండా, ఆ సేవ పొందుతున్న తల్లి కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. మరణిస్తే వారసులు కేసు నడపవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు, 5 లక్షల లోపైతే రుసుము లేదు. ఫిర్యాదుదారు నివసించే ఊళ్లో కేసు వేసే వీలు కూడా ఈ చట్టం కల్పించింది. తల్లి గుంటూరు ఆశ్రమంలో, కొడుకు బెంగళూరులో ఉంటే ఆయన బెంగళూరు నుంచే వేయవచ్చు. ఆన్‌లైన్‌లో దాఖలు చేసే ఏర్పాటు ఉండటంతో అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలు ఇక్కడ ఉన్న తల్లి తరఫున కాగితాలు సిద్ధం చేసి పంపడం మునుపటంత కష్టం కాదు.

చేరేటప్పుడు సంతకం పెట్టించుకునే ఫారంలో ‘ఏ ప్రమాదానికీ మాది బాధ్యత కాదు’, ‘డిపాజిట్ ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు’ అనే వాక్యాలు ఉంటాయి. వాటిని చూసే చాలా కుటుంబాలు వెనక్కి తగ్గుతాయి. తగ్గనక్కర్లేదు. ఏకపక్షంగా వినియోగదారుడికి నష్టం చేసే ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందంగా ప్రకటించమని రాష్ట్ర కమిషన్‌ను కోరే హక్కు 2019 చట్టంతో కొత్తగా వచ్చింది. నేరానికైతే ఏ సంతకమూ అడ్డు కాదు.

ఆస్తి రాసిచ్చి చేరినవాళ్లు

పిల్లలు లేని దంపతులు కొందరు ఇల్లో, స్థలమో, పెద్ద మొత్తమో ఆశ్రమానికి ఇచ్చి జీవితాంతం చూసుకునే ఏర్పాటుతో చేరతారు. అలాంటివారికి 2007 చట్టంలోని 23వ సెక్షన్ బలమైన అండ. కనీస సౌకర్యాలు, అవసరాలు చూసుకోవాలన్న షరతుతో వృద్ధులు ఆస్తి బదలాయించాక అవతలివాళ్లు ఆ పని చేయకపోతే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు భావించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. ఈ సెక్షన్‌ను అందరూ కొడుకులకూ కోడళ్లకూ సంబంధించినదిగానే చూస్తారు. నిజానికి ఆస్తి పుచ్చుకున్నవాళ్లు పిల్లలే అయి ఉండాలని అందులో లేదు. చట్టం నిర్వచనంలో ఆస్తి అంటే స్థిరాస్తి, చరాస్తి రెండూ.

షరతు ఉందని చూపించాలి అన్నది మాత్రం కీలకం. సుదేశ్ ఛికారా కేసులో 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు షరతు లేని బదిలీకి 23వ సెక్షన్ వర్తించదని చెప్పింది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో ఇది వృద్ధుల మేలు కోసం వచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా అర్థం చేసుకోవాలని, అవసరమైతే ఆస్తిని ఖాళీ చేయించి అప్పగించే ఆదేశం కూడా ట్రిబ్యునల్ ఇవ్వవచ్చని చెప్పింది. రెండూ కలిపి చదివితే తేలేది ఒకటే: దస్తావేజులోనో, పక్కన రాసుకున్న ఒప్పందంలోనో ‘జీవితాంతం పోషణ, వైద్యం చూసుకునే షరతు మీద’ అన్న మాట ఉండి తీరాలి.

మాట్లాడలేనివారి తరఫున ఎవరు

మతి స్థిమితంగా ఉన్న వృద్ధులెవరైనా ఆశ్రమం నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లిపోవచ్చు. ‘చేర్చినవాళ్లు వచ్చి సంతకం పెడితేనే పంపుతాం’ అనే నియమానికి చట్టం మద్దతు లేదు. చేర్చిన కొడుకు సంతకం తల్లి స్వేచ్ఛను తాకట్టు పెట్టలేదు.

చిక్కంతా మతి తప్పినవారి దగ్గర. పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకున్నాం కదా అని చాలా కుటుంబాలు ధీమాగా ఉంటాయి. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం రాసిచ్చిన వ్యక్తి మతి తప్పితే ఆ అధికారం రద్దవుతుంది. అంటే సరిగ్గా అవసరమైన రోజునే ఆ కాగితం పనికిరాకుండా పోతుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద సంరక్షకుల నియామకం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకు పరిమితం. డిమెన్షియా ఒక్కటే ఉన్నవారికి అందులో దారి లేదు. మిగిలినవి రెండు. మతి బాగున్నప్పుడే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద తన తరఫు ప్రతినిధిని రాతపూర్వకంగా నియమించుకోవడం ఒకటి. అది చికిత్స, సంరక్షణ నిర్ణయాలకు పనికొస్తుంది. హైకోర్టును 226వ అధికరణం కింద సంరక్షకుడి కోసం ఆశ్రయించడం రెండోది. రెండోది ఖర్చుతో, కాలంతో కూడిన పని. వృద్ధుల హక్కుల్లో చట్టం బాగా వెనకబడిన భాగం ఇదే.

అమెరికా, బ్రిటన్ ఏం చేశాయి

అమెరికాలో 1986లో వైద్య నిపుణుల సంస్థ ఒకటి నర్సింగ్ హోమ్‌ల దుస్థితి మీద ఇచ్చిన నివేదిక తర్వాత 1987లో నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం వచ్చింది. ప్రభుత్వ బీమా పథకాలైన మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసుకోవాలంటే హోమ్‌లు ఈ చట్టం పాటించాలి. సిబ్బంది సౌకర్యం కోసం కట్టేయకూడదు, మత్తుమందులతో అణచకూడదు, ప్రతి ఒక్కరికీ సంరక్షణ ప్రణాళిక ఉండాలి, పంపించేయాలంటే సాధారణంగా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ముఖ్యమైనది తనిఖీ. ముందుగా చెప్పకుండా, 15 నెలలకు మించకుండా తనిఖీ బృందం రావాలి. దీనికి తోడు 1978 నుంచి ప్రతి రాష్ట్రంలో ఆంబుడ్స్‌మన్ (నివాసితుల ఫిర్యాదులు విని పరిష్కరించే అధికారి) వ్యవస్థ తప్పనిసరి. వాళ్లు హోమ్‌లోకి వెళ్లి నివాసితులతో ఏకాంతంగా మాట్లాడగలరు.

2023 జూన్‌లో తలెవ్‌స్కీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఇండియానా రాష్ట్రంలో కౌంటీ (జిల్లా) ప్రభుత్వ యాజమాన్యంలోని హోమ్‌లో డిమెన్షియా ఉన్న వృద్ధుడికి మత్తుమందులు ఎక్కించి కదలకుండా చేశారని కుటుంబం కేసు వేసింది. 1987 చట్టం ఇచ్చిన ఇలాంటి హక్కుల కోసం ప్రభుత్వ హోమ్‌ల మీద నివాసితులే నేరుగా పౌరహక్కుల దావా వేయవచ్చని కోర్టు 7-2 మెజారిటీతో చెప్పింది. తెలుగు కుటుంబాలకు ఇందులో తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ సమాఖ్య హక్కులు గుర్తింపు పొందిన నర్సింగ్ హోమ్‌లకే, అక్కడ డబ్బు ఎవరు కట్టినా వర్తిస్తాయి. అసిస్టెడ్ లివింగ్ (రోజువారీ పనుల్లో తోడ్పడే వసతి) పేరుతో నడిచేవి ఆయా రాష్ట్రాల చట్టాల కిందికి వస్తాయి, రక్షణ ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

బ్రిటన్ శిక్ష వైపు గట్టిగా వెళ్లింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 చట్టం ప్రకారం సంరక్షణ సిబ్బంది తమ చేతిలోని మనిషిని హింసించినా, కావాలని నిర్లక్ష్యం చేసినా అయిదేళ్ల దాకా జైలు. సంస్థ కూడా విడిగా నేరస్థురాలు కావచ్చు. ఇంగ్లండ్‌లో తనిఖీకి ప్రత్యేక కమిషన్ ఉంది, దాని నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు.

ఈ రెండు దేశాల్లోనూ హింస ఆగిపోలేదు, సిబ్బంది కొరత అక్కడా ఉంది. కానీ చేర్చేముందు ఆ హోమ్ పాత చరిత్ర చూసుకునే వీలు కుటుంబానికి ఉంది. మన దగ్గర ఆ పని నోటిమాట మీద, గూగుల్ రేటింగుల మీద నడుస్తోంది.

రాబోయే ఒత్తిడి

2011 జనగణనలో అరవై దాటినవారు సుమారు 10.4 కోట్లు. ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023 నివేదిక ప్రకారం 2050 నాటికి దేశ జనాభాలో వాళ్ల వాటా 20 శాతం దాటుతుంది. దక్షిణాది రాష్ట్రాలు మిగతా దేశం కంటే ముందే ముసలివవుతున్నాయి. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు ఆంధ్ర, తెలంగాణల్లో ఎన్నో. ఆశ్రమాలు పెరగడం ఖాయం.

తప్పనిసరి రిజిస్ట్రేషన్ వస్తే జరిగే నష్టాన్నీ చూడాలి. చందాలతో నడిచే చిన్న ధర్మాశ్రమాలు విస్తీర్ణం, నర్సుల నిష్పత్తి వంటి నిబంధనలు అందుకోలేక మూతపడవచ్చు. అక్కడున్నవాళ్లకు వెళ్లడానికి మరో చోటు ఉండదు. అందుకే ప్రమాణాలను దశలవారీగా పెట్టి, తనిఖీని మాత్రం మొదటి రోజు నుంచే మొదలుపెట్టడం సబబు. చోటు ఇరుకైతే కొంతకాలం సర్దుకోవచ్చు, గొలుసును ఒక్క రోజు కూడా సర్దుకోలేం. రాష్ట్రాలు దీనికోసం కేంద్ర సవరణ దాకా ఆగనక్కర్లేదు. 19వ సెక్షన్ కింద ప్రమాణాలు రాసే అధికారం, 22వ సెక్షన్ కింద వృద్ధుల ప్రాణ, ఆస్తి రక్షణకు కార్యాచరణ ప్రణాళిక రూపొందించే బాధ్యత 2007 నుంచే వాటి చేతిలో ఉన్నాయి.

గడువులు, మొదటి ఫోన్లు

వినియోగదారుల కేసుకు గడువు రెండేళ్లు. ఏడాది లోపు శిక్ష ఉన్న నేరాలను కోర్టు ఏడాదిలోగా, మూడేళ్ల లోపు శిక్ష ఉన్నవాటిని మూడేళ్లలోగా విచారణకు స్వీకరించాలి. తిండి పెట్టకపోవడానికి సంబంధించిన 92వ సెక్షన్‌కు అయిదేళ్ల శిక్ష ఉండటంతో ఆ గడువు అడ్డు రాదు. పుండ్ల ఫొటోలు తేదీతో సహా, బరువు తగ్గిన వివరం, మందుల చీటీలు, ఫీజు రసీదులు, ప్రభుత్వాసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేసే గాయం కేసుగా) నమోదు చేయించిన పరీక్ష నివేదిక సాక్ష్యంగా నిలుస్తాయి. మరణం మీద అనుమానం ఉంటే దహనానికి ముందే పోలీసులకు చెప్పి శవపరీక్ష అడగాలి. ఆ తర్వాత నిరూపించడం దాదాపు అసాధ్యం.

వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఇది 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ తెలంగాణ ప్రభుత్వంతో కలిసి హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ప్రయత్నం నుంచి దేశమంతటికీ విస్తరించింది. ఉచిత న్యాయ సహాయానికి 15100. స్త్రీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. వినియోగదారుల ఫిర్యాదులకు 1915. ప్రాణాపాయం ఉంటే ముందుగా 112.